ఆమె ‘అంతే’ అనేదాకా

మొన్న ఆఫీసు మీటింగులో, కొత్తగా చేరిన మీరట్ అమ్మాయి తన వారం పనంతా గడగడా అప్పజెప్పి, చివర్లో "అంతే" అంది. ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు. నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. మీటింగు అయ్యాక పక్కకు పిలిచి, ఆ మాట నీకెవరు నేర్పారమ్మా అని అడిగాను.

"ఎవరూ నేర్పలేదు సర్. ఈ టీమ్‌లో అందరూ చివర్లో అదే అంటారు కదా. నా మాట అయిపోయింది, ఇక మీరు మాట్లాడొచ్చు అని. కంపెనీ పద్ధతేమో అనుకున్నా," అంది హిందీలో.

కంపెనీ పద్ధతట. కంపెనీకి అంత పద్ధతే ఏడిస్తే ఇంకేం కావాలి. ఆ మాటను మాకు అలవాటు చేసిన మనిషిని పంపించేసి ఏడాది దాటింది. మనిషిని పొమ్మని మాటను మాత్రం ఉంచుకున్నారు. ఆ అమ్మాయితో ఇవేమీ అనలేదు. నా సీటులోకి వచ్చి కూర్చున్నాను గానీ ఆ పూట పని సాగలేదు.

ఆవిడది కరీంనగర్ వైపు. నేను గుడివాడ వాణ్ణి. నోయిడాలో మా టీమ్ మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే. నాకన్నా ఐదారేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ణి, తను తమ్మీ అనేది. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆవిడ పని. తప్పు దొరికితే అందరికీ చాటే రకం కాదు. ముందు నాకు నెట్‌లో కాల్ చేసి, "తమ్మీ, నీ అన్నంల చిన్న రాయి తగిలింది పంటికి, జర చూసుకో," అనేది. నేను రోషపడి, రాయి లేదు ఏం లేదు, నీ పన్నే వదులైంది అనేవాణ్ణి. నవ్వేది. సాయంత్రానికల్లా రాయి నాదేనని తేలేది.

ఆవిడ నవ్వు కూడా మాకు ఆలస్యంగానే వినిపించేది. మనం జోకు వేసి, అది పేలలేదని సిగ్గుపడి, వేరే సంగతిలోకి వెళ్లాక అప్పుడు వచ్చేది నవ్వు. ఎందుకంటే ఆవిడ ఉండే ఊరికి ఫోన్ టవరు లేదు, కేబుల్ లేదు. ఇంటి మీద పెట్టిన డిష్షే దిక్కు. బ్యాంకు ఏటీఎంలకూ, హైవే మీద పెట్రోలు బంకులకూ పెట్టే రకం డిష్షు. మన మాట ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం దాకా పోయి, అక్కణ్ణుంచి దిగి ఆవిడకు చేరాలి. జవాబూ అదే దారిలో రావాలి.

మొదట్లో మా మీటింగులు చేపల బజారులా ఉండేవి. మేం ఒకటి అడిగేవాళ్లం. అది చేరేలోపు "హలో, హలో, వినిపిస్తోందా" అని మళ్లీ అడిగేవాళ్లం. మా రెండో ప్రశ్న వెళ్లి ఆవిడ మొదటి జవాబుకు అడ్డం పడేది. ఆవిడ ఆగేది, మేమూ ఆగేవాళ్లం. మళ్లీ ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం. మా మేనేజరు కాన్పూరు మనిషి, ఓర్పు తక్కువ, తల పట్టుకునేవాడు. అప్పుడు ఆవిడే ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరైనా సరే తమ మాట పూర్తవగానే "అంతే" అనాలి. ఆ మాట వినపడేదాకా ఇంకొకరు నోరు తెరవకూడదు. ఇంగ్లిషు మాట ఏదైనా పెట్టుకోవచ్చు కదా అన్నాడు మేనేజరు. ఇంగ్లిషు మాటలు మధ్యలో ఎన్నిసార్లయినా దొర్లుతాయి, ఇది మాత్రం మీ నోట పొరపాటున రాదు, అందుకే ఇదే మేలు అంది. నెల తిరిగేసరికి కాన్పూరు నోట కూడా అంతే, అంతే అని వినిపించసాగింది.

ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఆవిడ తీరు అదే. నెలకొకసారి ఆఫీసుకు వచ్చేది. క్యాంటీన్లో నా ముందు కూర్చుని "తిన్నవా తమ్మీ?" అని అడిగి, గడ్డం కాస్త కిందికి దించి, నా మొహం వైపే చూస్తూ ఆగేది. మామూలుగా మనం అలా ఆగం కదా. తిన్నావా అని అడుగుతూనే కంచం వైపు చూస్తాం, జవాబు వినకుండానే ఇంకోటి అడుగుతాం. ఆవిడ అలా కాదు. నేను ఆటపట్టించేవాణ్ణి. "అక్కా, నేను ఎదురుగానే ఉన్నా. నా మాట ఆకాశం మీంచి రానక్కర్లేదు."

"అలవాటైపోయింది తమ్మీ," అనేది.

ఆ ఊరెందుకు వెళ్లిందో చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు. ఆవిడకు ఒక్కతే కూతురు, అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ పిల్లకు చప్పుళ్లు పడవు. మనకు చెవిన కూడా పడని చప్పుళ్లు ఆ పిల్లకు నొప్పి. నోయిడాలో పద్నాలుగో అంతస్తులో ఉండేవాళ్లు. లిఫ్టు గంట, పై ఫ్లాటులో గోడకు డ్రిల్లింగు, కింద హారన్లు, వారానికో డీజే. చప్పుడైనప్పుడల్లా పిల్ల నుదురు గోడకేసి కొట్టుకునేది. నిద్ర లేదు. పక్క ఫ్లాటువాళ్లు ఆ కొట్టుకోవడం మీద సొసైటీలో ఫిర్యాదు ఇచ్చారు. ఆహా, ఏం మనుషులు. భర్త ఉన్నాడో లేడో, ఉంటే ఎక్కడున్నాడో ఆవిడ ఎత్తలేదు, నేను అడగలేదు.

పిల్లకు మాటలు నేర్పే టీచరమ్మ ఢిల్లీలో ఉండేది. ఆవిడే చెప్పిందట, కొన్నాళ్లు చప్పుడు లేని చోట ఉంచి చూడమని. యమున ఒడ్డున, ఎక్స్‌ప్రెస్ వే దిగాక ఇంకా చాలా దూరం మట్టిరోడ్డు మీద పోతే ఒక ఊరు. ఎవరో చెబితే అక్కడొక ఇంట్లో వారం ఉందామని వెళ్లింది.

"మొదటి రాత్రే పొల్ల పండుకుంది తమ్మీ. తెల్లారేదాక లేవలే. నాకే నిద్ర రాలె. ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు కాడ వేలు వెట్టి చూసుకుంట కూసున్న," అని చెప్పింది నాతో. వారమని వెళ్లిన మనిషి అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంది.

టవరు లేదు కాబట్టే ఆ ఊరు నిశ్శబ్దంగా ఉంది. రోడ్డు సరిగా లేదు కాబట్టే బళ్లు రావు. నెట్టు ఉన్నచోట పిల్లకు నిద్ర ఉండదు, నిద్ర ఉన్నచోట నెట్టు ఉండదు. ఆ రెండింటికీ మధ్య ఆవిడకు దొరికిన ఒకే ఒక్క ముడి ఇంటి మీది డిష్షు. అది పనిచేస్తే ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఉంటే ఆ ఇల్లుంటుంది, ఇల్లుంటే పిల్ల నుదురు చితక్కుండా ఉంటుంది.

ఒక చలికాలం నేను ఆ ఊరు వెళ్లాను. ఆవిడ లాప్‌టాప్ చెడిపోయింది, అక్కడికి కొరియరు పోదు. కొత్తది ఇచ్చి వస్తానని ఆఫీసు క్యాబ్‌లో బయల్దేరాను. పొద్దున్న వెళితే మధ్యాహ్నానికి చేరాను.

గుమ్మానికి గంట లేదు. పిలుద్దామని నోరు తెరిచేలోపే ఆవిడ వచ్చి, ష్ అన్నట్టు వేలు పెట్టి, చెప్పులు విడిచి రమ్మంది. తలుపు కీళ్లకు ఆవనూనె కారుతోంది. వంటింట్లో కుక్కరు లేదు, పప్పు గిన్నెలోనే ఉడుకుతోంది. గోడ గడియారంలో బ్యాటరీ తీసేసింది. స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగలకుండా మధ్యమధ్య గుడ్డలు పెట్టింది. నాకు దగ్గు వస్తే భయమేసి బయటికి వెళ్లి దగ్గి వచ్చాను.

ఇంటావిడ పెద్ద ముసలమ్మ. ఊరంతా తాయీ అంటారు, అంటే పెద్దమ్మ అన్నమాట. హుక్కా పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. డిష్షును ఆవిడ ఛత్రీ అంటుంది, అంటే గొడుగు. "మీ చెల్లెలు ఆ గొడుగును చూసినంత ప్రేమగా కోడళ్లు మొగుళ్లను కూడా చూడరు," అంది నాతో హిందీలో. నేను తమ్ముణ్ణి, ఆవిడే అక్క అన్నాను. ఎవరైతే ఏం, పొద్దున్నే లేచి సూర్యుడి కంటే ముందు దానికి దణ్ణం పెడుతుంది అంది. నిజమే, అక్క పొద్దున్నే మేడెక్కి మెత్తని గుడ్డతో దాని మీద మంచు తుడుస్తుందట. కోతులు కూర్చోకుండా చుట్టూ రేగు కంపలు పెట్టింది.

పిల్ల లోపల నేల మీద కూర్చుని మొక్కజొన్న గింజలు వరుసగా పేరుస్తోంది. నుదుటి మీద పాత మచ్చ ఉంది. కొత్త దెబ్బలేమీ లేవు. అక్క వెళ్లి పిల్ల పక్కన చతికిలబడి, "అన్నంల ఏం కావాలె బిడ్డా?" అని అడిగి, గడ్డం కాస్త దించి, ఆగింది.

పిల్ల తలెత్తలేదు. గింజలు పేరుస్తూనే ఉంది. పొయ్యి మీద పప్పు పొంగింది. అక్క కదల్లేదు. నాకే ఆగలేక, ఏమ్మా అని ఏదో అనబోయాను. అక్క నా మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది. వాకిట్లోకి ఒక గేదె వచ్చి, తొట్టిలో నీళ్లు తాగి వెళ్లిపోయింది. అప్పుడు పిల్ల, గింజల వైపే చూస్తూ, "పెరుగు. అంతే," అంది.

అక్క లేచి పొయ్యి దగ్గరికి వెళ్తూ మెల్లగా చెప్పింది. "మల్ల అడుగొద్దు తమ్మీ. జవాబు లోపట్నించి సగం దాక వచ్చి ఉంటది. మనం మల్ల అడిగితే అది ఎనక్కి పోతది, మొదట్నుంచి రావాలె. అందరు గదే జేస్తరు. వినవడలేదా, చెవుడా అని నాలుగుసార్లు అడిగి, దీనికి మాటలే రావని రాసిస్తరు."

నేనెంత మొద్దునో అప్పుడు తెలిసింది. ఆగడం ఆవిడకు డిష్షు నేర్పలేదు. ఆవిడకు ముందే వచ్చు. కూతురి దగ్గర నేర్చుకున్న విద్యనే తెచ్చి మా టీముకు పెట్టింది.

భోజనం అయ్యాక, నేనూ ఒకసారి ప్రయత్నిద్దామని పిల్ల పక్కన కూర్చున్నాను. "మీ ఇల్లు బాగుందా పాపా?" అని అడిగి, అక్క లాగే గడ్డం దించి ఆగాను. చాలాసేపు ఆగాను. ఈలోపు క్యాబ్ డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, మంచు దిగుతోంది సాబ్, ఇప్పుడు కదలకపోతే మట్టిరోడ్డు మీద ఇరుక్కుంటాం అన్నాడు. లేవక తప్పలేదు.

"నువ్వు పో తమ్మీ, ఏం గాదు. వచ్చేది ఎప్పుడన్న వస్తది," అంది అక్క.

ఆ ఎండాకాలం మా లండన్ క్లయింటు దగ్గర మనిషి మారాడు. కొత్తాయనకు అన్నీ వెంటనే కావాలి. మధ్యాహ్నం కాల్‌లో అక్క జవాబు ఆలస్యంగా వస్తే, ఆమె పనిమీద ఉందా లేదా అని మేనేజరును నేరుగా అడిగేశాడు. మేనేజరు అక్కతో ఒక నెల అన్నాడు. ఈ నెల క్లయింటు కాల్స్‌లో నీ లైను పోకూడదు. పోతే నేను నిన్ను కాపాడలేను అన్నాడు. ఆ నెల వచ్చింది వానాకాలం నడుమ. వాన పెద్దదైతే డిష్షు పనిచేయదని అందరికీ తెలుసు.

"వానకాలంల నెల దినాలు వాన వడొద్దని ఎవర్ని అడుగుతరు తమ్మీ?" అంది నాతో. గొంతులో నవ్వు లేదు.

నేను మేనేజరుతో పోట్లాడాను. ఆవిడ ఏది అడిగినా రాసి పంపుతుంది, ముందే పంపుతుంది, కాల్‌లో మాట్లాడి తీరాలని ఏముంది అన్నాను. "కాల్‌లో కనపడాలి, అంతే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాటనే ఆవిడ మీదికి తిప్పాడు. చెడ్డవాడు కాడు, అదే బాధ. క్లయింటు పోతే మనమందరం పోతాం భయ్యా అన్నాడు, అదీ నిజమే.

అక్క చేయనిది లేదు. ఫోనుకు ఒక్క గీత సిగ్నలైనా దొరుకుతుందేమోనని పొలాల మధ్య గడ్డివాము ఎక్కి చూసింది. క్లయింటు అడగబోయే ప్రశ్నలన్నీ ఊహించి ముందురోజే జవాబులు పంపింది. టీచరమ్మ దగ్గరికి వెళ్లే రోజులు మార్చుకుంది. మొదటి రెండు వారాలు ఎలాగో నెట్టుకొచ్చింది. మబ్బు పట్టినప్పుడల్లా నేను ఇక్కడ నోయిడాలో కిటికీ దగ్గరికి వెళ్లి చూసేవాణ్ణి.

మూడో వారం, వాన లేని వేళే, కాల్ మధ్యలో లైను పోయింది. అక్క మేడ మీదికి పరిగెత్తి చూస్తే డిష్షు మీద రజాయి బొంత కప్పి, తాళ్లతో బిగించి కట్టి ఉంది. పొద్దున ఆరేసినప్పుడు జల్లుకు నానిన దూది రజాయి, తడి దూదిలోంచి సిగ్నలు పోదు. తాయీ పని. ఆ తెలుగమ్మాయి మబ్బును చూసి ఏడుస్తోంది, గొడుగు తడిస్తే ఉద్యోగం పోతుందట అని ఎవరో చెబితే, గడ్డి కోసే మిషను మీద కప్పినట్టు కప్పేసిందట. మంచి రజాయి, మనవడి పెళ్లికి దాచింది.

"తిట్టావా అక్కా?" అని అడిగాను.

"ఎట్ల తిట్టాలె? ముసల్ది ఆ మోకాళ్లతోని మెట్లెక్కింది తమ్మీ," అని ఏడ్చింది. ఆవిడ ఏడవగా వినడం అదే మొదటిసారి. ఆ ఏడుపు కూడా ఆగి ఆగి వచ్చింది నాకు.

మేనేజరు దాన్ని ఒక తప్పుగా లెక్క వేసి, ఇంకొక్క అవకాశం అన్నాడు. ఆఖరి కాల్ రోజు నోయిడాలోనే పొద్దుటి నుంచీ కుండపోత. యమున అవతల కూడా ఆకాశం నల్లగా ఉందని, అయినా లైను వస్తోందని పొద్దున చెప్పింది. కాల్ మొదలైంది. అక్క మొహం తెరమీద ముక్కలు ముక్కలుగా కనిపించి, ఆగిపోయింది. క్లయింటు ఆవిడ పేరు పిలిచి, బిల్లుల లెక్కలో వచ్చిన తేడా ఎక్కడిదని అడిగాడు. అది పట్టుకున్నది ఆవిడే. ఆవిడ తప్ప ఎవరూ చెప్పలేరు.

అందరం ఆగాం. తెర మీద ఆవిడ గడ్డం కాస్త దించి ఉంది, కదలడం లేదు. బొమ్మ బిగుసుకుపోయిందో, ఆవిడ వింటోందో తెలియదు.

"హలో? వినిపిస్తోందా?" అన్నాడు క్లయింటు.

"ఒక్క నిమిషం ఆగండి, జవాబు దారిలో ఉంది," అన్నాను నేను. మళ్లీ అడక్కండి అని కూడా అన్నాను. ఆయనకేం తెలుసు, మళ్లీ అడిగాడు. మళ్లీ హలో అన్నాడు. మేనేజరు క్షమించమని చెప్పి, తర్వాతి సంగతిలోకి వెళదాం అన్నాడు. వెళ్లిపోయారు.

ఇంకొకడు సెలవుల జాబితా చదువుతుండగా అక్క గొంతు వచ్చింది. బొమ్మ లేదు, గొంతొక్కటే. వెనక రేకుల మీద వాన మోత. తేడా ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో, ఏ రోజుకు సరిచేయవచ్చో, పొల్లుపోకుండా మొత్తం చెప్పింది. సెలవులు చదివేవాడు ఆవిడ మీదుగా చదువుతూనే ఉన్నాడు. చివర్లో "అంతే" అని ఆగింది. మా వంతు కోసం ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. లైను పోయింది.

తర్వాత సంగతి పొడిగించను. ఉద్యోగం పోయింది. ఆ ఊళ్లోంచి చేసుకోనిచ్చే ఇంకో ఉద్యోగం ఎంత వెతికినా దొరకలేదు. గుర్గావ్‌లో ఒకటి దొరికింది, రోజూ ఆఫీసుకు రావాలి. మెట్రో స్టేషను పక్కన రెండు గదులు తీసుకుంది. చేతిలో ఇంకేం లేనప్పుడు మనిషి ఏం చేస్తుంది.

లాప్‌టాప్ తిరిగి ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చినప్పుడు నేను కింద లాబీలోకి దిగాను. పిల్లను వెంట తెచ్చింది. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి మూడు వారాలైందట, కొత్తచోట వదిలిరావడానికి ఎవరూ లేరు. పిల్ల చెవులకు పెద్ద మూతలు పెట్టుకుని, వాటి మీద రెండు చేతులూ గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. నుదుటి మీద పాత మచ్చ కనపడలేదు, దాని మీదే కొత్త వాపు, ఊదారంగులో. సెక్యూరిటీ గేటు కూత వేసినప్పుడల్లా ఒళ్లంతా బిగిసేది.

"తాయీ ఆ రజాయి మాకే ఇచ్చింది తమ్మీ. కిటికీకి కట్టిన. చప్పుడు ఆగుతలేదు," అంది అక్క. నేను ఏదేదో వాగాను. అంతా సర్దుకుంటుంది, గుర్గావ్‌లో మంచి డాక్టర్లున్నారు, ఇంకో ఊరు వెతుకుదాం అన్నాను. ఒక్క మాట కూడా నిజం కాదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. క్యాబ్ వచ్చింది పదమ్మా అని అక్క పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

పిల్ల కదల్లేదు. నా బూట్ల వైపు చూస్తూ, "బాగుంది," అంది.

నాకు అర్థం కాలేదు. అక్కకు నాకంటే ముందే అర్థమైంది. మొహం పక్కకు తిప్పుకుంది. "చలికాలంల నువ్వు అడిగినవ్ గదా తమ్మీ," అంది.

"ఇల్లు బాగుంది. అంతే," అంది పిల్ల.

అంతే అన్నాక అవతలివాళ్ల వంతు. పిల్ల గడ్డం కాస్త దించి, చెవుల మీద చేతులు తీయకుండానే, నా జవాబు కోసం ఆగింది. బయట డ్రైవరు హారను కొట్టాడు. ఒళ్లు బిగుసుకుంది గానీ ఆగడం మానలేదు. నాకేమీ తోచలేదు. అక్కే మెల్లగా నడిపించుకుని తీసుకుపోయింది, తలుపు దాకా ఆ పిల్ల వెనక్కి తిరిగి నా బూట్లనే చూస్తూ వెళ్లింది.

ఏడాదైంది. మళ్లీ అడిగే పిల్ల కాదు, తొందరపెట్టే పిల్ల అంతకన్నా కాదు. ఇంకా ఆగే ఉందేమో.